డిఫెండర్‌కు మార్కులు వేసేదెలా? ఆపిన ఆట వేరు, ఆడిన ఆట వేరు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు స్కోరుబోర్డు మీద పడుతుంది. గోల్ పడకుండా చూసినవాడి పేరు ఎక్కడా పడదు. జరిగినదాన్ని లెక్కపెట్టడం సులువు, జరగకుండా ఆగిపోయినదాన్ని లెక్కపెట్టడం కష్టం. కొలతల శాస్త్రంలో ఇది చాలా పాత చిక్కు. టీకా వేసుకున్నందువల్ల జబ్బు పడనివారిని ఎలా లెక్కించాలి అని వైద్య పరిశోధకులకు ఎదురయ్యే ప్రశ్నే, డిఫెండర్‌ను ఎంపిక చేసే కోచ్‌కూ ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు మరో కొత్త ప్రశ్న తోడైంది. ఈనాటి డిఫెండర్ ప్రత్యర్థిని ఆపితే సరిపోవడం లేదు. బంతి అందుకున్నాక తడబడకుండా, తలెత్తి చూసి, సరైన పాస్ ఇచ్చి దాడిని మొదలుపెట్టాలని కోచ్‌లు కోరుతున్నారు. ఆపడం బాగా వచ్చి పాస్ అంతగా రానివాడు ఒకడు, పాస్ బాగా వచ్చి ఆపడంలో వెనుకబడినవాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలి? రెండింటినీ కలిపి ఒకే అంకె వేయడం వల్ల ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. రెండు నైపుణ్యాలనూ విడివిడిగా కొలవాలి. ఆ తర్వాతే జట్టు అవసరాన్ని బట్టి తూకం వేయాలి.

రైల్వే ఊరిలో ఇది ఉద్యోగపు ప్రశ్న

యూరప్ క్లబ్బులకు ఇది కోట్ల రూపాయల వ్యవహారం. కానీ ఖరగ్‌పూర్ వంటి ఊరిలో ఇది ఒక కుటుంబం భవిష్యత్తుకు సంబంధించిన విషయం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వల్ల పెరిగిన ఊరు ఇది. రైలు మార్గం, వర్క్‌షాపు, లోకోషెడ్డు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వలస వచ్చారు. నేటికీ ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకటి, నిమ్‌పురా వంటి రైల్వే పేటలలో బెంగాలీ, హిందీ మాటల మధ్య ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. పేరులోనే ఉన్నట్టు ఓల్డ్ సెటిల్‌మెంట్ పాత రైల్వే కాలనీ. బెంగాల్ గడ్డ కాబట్టి అక్కడి పిల్లలకు క్రికెట్‌తో పాటు ఫుట్‌బాల్ కూడా సొంత ఆటే.

రైల్వేకూ ఆటలకూ ఉన్న బంధం పాతది. బి.ఎన్.ఆర్. పేరుతో రైల్వే జట్టు కలకత్తా లీగ్‌లో ఆడింది. జాతీయ స్థాయి సంతోష్ ట్రోఫీని రైల్వేస్ జట్టు 1960లలో మూడుసార్లు గెలిచింది. ఖరగ్‌పూర్‌లోని సెర్సా స్టేడియం ఆగ్నేయ రైల్వే క్రీడా సంఘానిది. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఈ ఊరిలోనే టికెట్ పరీక్షకుడిగా పనిచేశాడు. క్రీడల కోటా ఒక యువకుడికి ఎంత పెద్ద ఆసరానో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ కోటాలో ఎంపిక ఎలా జరుగుతుంది? ఇటీవలి రైల్వే నోటిఫికేషన్ల ప్రకారం మొత్తం 100 మార్కులు. గుర్తింపు పొందిన పోటీలలో సాధించిన విజయాలకు 50, విద్యార్హతకు 10, మైదానంలో జరిగే ట్రయల్‌కు 40. ట్రయల్‌లో ఆట నైపుణ్యం, శారీరక దారుఢ్యం, కోచ్ పరిశీలన కలిసి ఉంటాయి. ఆ 40లో కనీసం 25 రానివాడు అక్కడితో ఆగిపోతాడు. పరుగును గడియారం కొలుస్తుంది. ఆట నైపుణ్యాన్ని మనిషి కన్ను కొలవాలి. ఫార్వర్డ్ విషయంలో ఆ కన్నుకు గోల్ సాయం చేస్తుంది. డిఫెండర్ విషయంలో ఏది సాయం చేస్తుంది? సాధారణంగా రెండే: కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ట్యాకిల్, చూడముచ్చటైన పాస్. ఈ రెండూ మోసం చేయగలవు.

నియమాలు మారాయి, పని మారింది

బంతి ఆడగల డిఫెండర్ కొత్త మనిషేమీ కాదు. 1970లలో పశ్చిమ జర్మనీ ఆటగాడు ఫ్రాంజ్ బెకెన్‌బావర్ వెనుక వరుస నుంచే ఆటను నడిపించాడు. మన దేశంలో ఇంకా ముందే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అతడిని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్‌లోనూ, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. ఒక డిఫెండర్‌లో ఎన్ని రకాల ఆటలు దాగి ఉంటాయో రహీం గుర్తించాడు. అదే సమయంలో ఆయన వెనుక వరుసను ఖాళీగా వదలలేదన్నది కూడా గమనించాలి. అక్కడ అరుణ్ ఘోష్ వంటి డిఫెండర్లు ఉన్నారు కాబట్టే ఆ ప్రయోగం నిలిచింది.

ఆ తర్వాత రెండు నియమాలు డిఫెండర్ పనినే మార్చేశాయి. 1992లో వచ్చిన మార్పుతో, సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. అంతకుముందు ఒత్తిడి వస్తే కీపర్‌కు ఇచ్చేసి ఊపిరి పీల్చుకునే డిఫెండర్‌కు ఆ దారి మూసుకుపోయింది. 2019లో గోల్‌కిక్ నియమం మారింది. బంతి పెనాల్టీ ప్రాంతం దాటి బయటికి రావాల్సిన అవసరం పోయింది, కాబట్టి డిఫెండర్ తన గోల్‌కు కొన్ని గజాల దూరంలోనే బంతి అందుకోవచ్చు. ప్రత్యర్థులు అక్కడికే వచ్చి మీద పడతారు. అంటే పాస్ నైపుణ్యానికి విలువ పెరిగింది. అలాగే పాస్ తప్పితే పడే శిక్ష కూడా పెరిగింది.

ఈ మార్పు నిజమైనదే. అయితే దీన్ని చూసి ‘ఆపడం ఎవరికైనా వస్తుంది, పాస్ వచ్చినవాడే ముఖ్యం’ అనే ధోరణి బయలుదేరింది. చిక్కు ఇక్కడే ఉంది.

ట్యాకిల్ లెక్క ఎందుకు సరిపోదు

2019 మార్చి 31న లివర్‌పూల్, టాటెన్‌హామ్ మధ్య జరిగిన మ్యాచ్‌లో ఒక సంఘటన డిఫెండింగ్ పాఠంలా నిలిచింది. టాటెన్‌హామ్ ఆటగాళ్లు ఇద్దరు, మూసా సిసోకో, సన్ హ్యుంగ్ మిన్, దూసుకొస్తున్నారు. ఎదురుగా ఉన్నది వర్జిల్ వాన్ డైక్ ఒక్కడే. బంతి సిసోకో దగ్గర ఉంది. వాన్ డైక్ బంతి మీదికి దూకలేదు. సన్‌కు పాస్ వెళ్లే దారిని మూస్తూ వెనక్కి జరిగాడు. గోల్ కొట్టడంలో ఎక్కువ నేర్పున్నవాడు సన్. చివరికి సిసోకోయే, అదీ ఎడమ కాలితో, కొట్టాల్సి వచ్చింది. బంతి గోల్ పైనుంచి పోయింది. లివర్‌పూల్ 2–1తో గెలిచింది. ట్యాకిల్ పట్టికలో వెతికితే ఈ క్షణానికి వాన్ డైక్ పేరున ఏమీ ఉండదు. ఆ మ్యాచ్‌లో అతడు చేసిన అతి విలువైన పని అదే కావచ్చు.

దీనికి విరుద్ధమైన కథ యాప్ స్టామ్‌ది. మాంచెస్టర్ యునైటెడ్ 2001లో ఈ డచ్ డిఫెండర్‌ను ఇటలీలోని లాజియోకు అమ్మేసింది. అతడి ట్యాకిల్స్ సంఖ్య తగ్గిందన్న లెక్క కూడా ఆ నిర్ణయం వెనుక ఉందని ఫుట్‌బాల్ గణాంకాల చర్చలలో తరచూ చెబుతారు. కారణం ఏదైనా, అమ్మడం పొరపాటేనని మేనేజర్ అలెక్స్ ఫెర్గుసన్ తర్వాత ఒప్పుకున్నారు. స్టామ్ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఇటలీలో అగ్రశ్రేణి ఆట ఆడాడు. ట్యాకిల్స్ తగ్గడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఆటగాడు మందగించడం లేదా సరైన చోట ముందే నిలబడడం నేర్చుకుని ట్యాకిల్ అవసరమే రాకుండా చేసుకోవడం. అంకె ఒక్కటే, అర్థాలు రెండు.

ఇంకో లోపం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక డిఫెండర్ మ్యాచ్‌కు 2 ట్యాకిల్స్ చేస్తాడు, మరొకడు 3 చేస్తాడు అనుకుందాం. రెండోవాడే మెరుగని అనిపిస్తుంది. మొదటివాడి జట్టు దగ్గర 60 శాతం సమయం బంతి ఉంటుంది, రెండోవాడి జట్టు దగ్గర 40 శాతమే. 90 నిమిషాలలో ప్రత్యర్థి దగ్గర బంతి ఉండేది మొదటివాడికి 36 నిమిషాలు, రెండోవాడికి 54 నిమిషాలు. భాగిస్తే ఇద్దరూ 18 నిమిషాలకు ఒక ట్యాకిల్ చేసినట్టే. తేడా ఆటగాళ్లలో లేదు, వాళ్లకు వచ్చిన అవకాశాలలో ఉంది. బలహీనమైన జట్టులో ఆడే డిఫెండర్ ఎప్పుడూ ఎక్కువ కష్టపడుతున్నట్టు కనిపిస్తాడు.

మరి ఆపడంలో అసలు నేర్పు ఎక్కడుంది? కంటికి కనిపించినదానికి శరీరం స్పందించడానికి మనిషికి దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. సెకనుకు 7 మీటర్ల వేగంతో వచ్చే ఫార్వర్డ్ ఆ లోపే 1.4 మీటర్లు దాటిపోతాడు. కాబట్టి జరిగాక స్పందించేవాడు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. మంచి డిఫెండర్ ముందే ఊహిస్తాడు. మార్క్ విలియమ్స్, కీత్ డేవిడ్స్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరికొకరు ఎదురుపడే సందర్భాలలో అనుభవం ఉన్న ఆటగాళ్ల చూపు ప్రత్యర్థి నడుము ప్రాంతంపై ఎక్కువసేపు నిలిచిందని గుర్తించారు. కాళ్లు, బంతి మాయ చేయగలవు. నడుము తిరిగిన వైపే మనిషి వెళ్లాలి. ఇలాంటి చూపు, నిలబడే కోణం, ఒక అడుగు వెనక్కి వేసే ఓపిక అనేవి ట్యాకిల్ పట్టికలో కనిపించని గుణాలు.

పాస్ శాతం చెప్పే సగం నిజం

బంతి ఆడే నైపుణ్యాన్ని కొలవడం దీనికన్నా తేలిక అనిపిస్తుంది. 50 పాసులు ఇస్తే 45 చేరాయి, 90 శాతం. అయితే ఇక్కడా అంకె వెనుక చూడాలి.

ఇద్దరు స్టాపర్లు చెరో 50 పాసులు ఇచ్చారనుకుందాం. మొదటివాడి 47 పాసులు పక్కనున్న స్టాపర్‌కో గోల్‌కీపర్‌కో ఇచ్చిన తేలిక పాసులు. ప్రత్యర్థి వరుసను చీల్చుకుని ముందుకు పోయినవి 3. మొత్తం 45 చేరాయి. రెండోవాడు 28 తేలిక పాసులు, 22 కష్టమైన పాసులు ఇచ్చాడు. మొత్తం 38 చేరాయి, అంటే 76 శాతం. తేలిక పాస్ 100లో 95 సార్లు, కష్టమైన పాస్ 100లో 50 సార్లు చేరుతుందని పెట్టుకుంటే, సగటు ఆటగాడు మొదటివాడి స్థానంలో దాదాపు 46 పాసులు చేర్చేవాడు. మొదటివాడు 45 చేర్చాడు. రెండోవాడి స్థానంలో సగటు ఆటగాడు 37.6 చేర్చేవాడు. రెండోవాడు 38 చేర్చాడు. 90 శాతం వచ్చినవాడు సగటుకు కాస్త కింద, 76 శాతం వచ్చినవాడు సగటుకు కాస్త పైన ఉన్నారు. పెద్ద లీగ్‌లలో వాడే ‘ఆశించిన పాస్’ నమూనాల వెనుక ఉన్న తర్కం ఇదే. దానికి కంప్యూటర్ తప్పనిసరి కాదు. తేలిక, కష్టం అని రెండు గడులు గీసుకుంటే చాలు.

పాస్ కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్, ఆటగాళ్లు బంతి అందుకునే ముందు తల తిప్పి చుట్టూ ఎన్నిసార్లు చూస్తారన్న దానిపై ఏళ్ల తరబడి పనిచేశారు. ఎక్కువగా చూసుకునేవారు బంతి అందాక మెరుగైన నిర్ణయాలు తీసుకుంటారని ఆ పరిశోధనలు సూచిస్తున్నాయి. ఇది మైదానం గట్టున కూర్చుని లెక్కపెట్టగలిగిన విషయం. ఇంకో సంగతి, తల తిప్పి చూసే అలవాటు ఆపడంలోనూ పనికొస్తుంది. వెనుక నుంచి దూరే ఫార్వర్డ్‌ను ముందే చూసేది ఆ అలవాటు ఉన్నవాడే.

నేల కూడా మార్కులు వేస్తుంది

ఖరగ్‌పూర్ ప్రాంతానిది ఎర్ర లేటరైట్ నేల. ఎండాకాలంలో గట్టిపడి రాయిలా ఉంటుంది, వానాకాలంలో బురద. పచ్చిక సమంగా లేని అలాంటి మైదానంలో నేల మీద వేగంగా వెళ్లే పాస్ మధ్యలో ఎగిరి దారి తప్పవచ్చు. గోల్ ముందు నిలబడ్డ స్టాపర్ అక్కడ పొట్టి పాస్‌తో ఆట కట్టబోతే అది తెలివి కాదు, దుస్సాహసం. బంతిని బలంగా దూరం కొట్టేయడమే ఆ నేల మీద సరైన నిర్ణయం.

కాబట్టి ఇలాంటి పేటల్లో పెరిగిన కుర్రాడు ఏళ్ల తరబడి సరైన నిర్ణయాన్నే అలవాటు చేసుకుంటాడు. తర్వాత ఒకరోజు చదునైన పచ్చిక మీద ట్రయల్‌కు వెళ్తాడు. అక్కడ రెండుసార్లు బంతిని దూరం కొట్టగానే ‘వీడికి బంతి ఆడడం రాదు’ అన్న ముద్ర పడుతుంది. కానీ రాకపోవడం వేరు, అవసరం పడకపోవడం వేరు. మొదటిది సామర్థ్యానికి సంబంధించినది, రెండోది అలవాటుకు. ఒక్కరోజు ట్రయల్ ఈ రెండింటినీ వేరు చేయలేదు. కొత్త నేల మీద రెండు మూడు సెషన్లు ఇచ్చి, మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య వచ్చిన మెరుగుదలను చూస్తేనే తేలుతుంది.

వయసు విషయంలోనూ ఇలాంటి అన్యాయమే జరుగుతుంది. ఒకే వయసు విభాగంలో ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలు చివర్లో పుట్టినవారి కన్నా ఎక్కువగా ఎంపికవుతారని అనేక దేశాలలో పరిశోధనలు చూపించాయి. 13 ఏళ్ల వయసులో పది నెలల తేడా అంటే ఎత్తులో, బరువులో పెద్ద తేడా. ముందుగా పొడవు పెరిగిన పిల్లవాడిని స్టాపర్‌ను చేస్తారు. అతడు శరీర బలంతోనే నెగ్గుకొస్తాడు కాబట్టి ఊహించి ఆడడం నేర్చుకోకపోవచ్చు. పొట్టిగా ఉండి బుద్ధితో ఆడినవాడు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

ఒక్క మ్యాచ్ ఎంత చెబుతుంది?

ట్రయల్‌లో ఒక డిఫెండర్ 20 సార్లు ప్రత్యర్థితో ముఖాముఖి తలపడి 12 సార్లు గెలిచాడనుకుందాం. 60 శాతం. గణాంక శాస్త్రం ప్రకారం, ఇంత తక్కువ నమూనా నుంచి అతడి అసలు సామర్థ్యం దాదాపు 39 నుంచి 78 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు (95 శాతం విశ్వాసంతో). అంటే సగటు కన్నా తక్కువవాడూ కావచ్చు, అసాధారణమైనవాడూ కావచ్చు. అదే 200 సార్లు తలపడి 120 గెలిస్తే ఆ పరిధి 53 నుంచి 67కు కుదించుకుపోతుంది. ఒక మ్యాచ్ చూసి ఇద్దరు డిఫెండర్ల మధ్య ఒకటి రెండు మార్కుల తేడా వేస్తే, అందులో చాలా భాగం అదృష్టానికి వేసినట్టే.

చూసేవారి మధ్య ఏకాభిప్రాయం కూడా పైకి కనిపించినంత గట్టిది కాదు. ఇద్దరు పరిశీలకులు 100 సందర్భాలను చూసి ‘బాగుంది’, ‘బాగోలేదు’ అని విడివిడిగా గుర్తు పెట్టారు. 80 సార్లు ఇద్దరి మాటా ఒక్కటే అయింది. చాలా బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఉదారంగా 100లో 80 సార్లు ‘బాగుంది’ అనేవారే అయితే, మైదానం వైపు చూడకుండా గుర్తులు పెట్టినా 68 సార్లు కలుస్తాయి. అనుకోకుండా కలిసినదాన్ని తీసేసి లెక్కిస్తే (గణాంకాలలో దీన్ని కప్పా అంటారు) మిగిలే ఏకాభిప్రాయం 1కి 0.375 మాత్రమే. ఎంపిక కమిటీలో ముగ్గురూ ఒకే మాట అన్నారు అనడం న్యాయానికి రుజువు కాదు. వారు దేనిని ‘బాగుంది’ అంటున్నారో ముందుగా రాసుకుని ఉండాలి.

విడదీయడం కుదురుతుందా?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. బంతి మన దగ్గర ఉన్నంతసేపు ప్రత్యర్థి గోల్ కొట్టలేడు, కాబట్టి పాస్ కూడా రక్షణే, ఆపడం, ఆడడం అని గీత గీయడం కృత్రిమం అని కొందరు కోచ్‌లు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. జట్టు స్థాయిలో రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

కానీ కొలిచేటప్పుడు విడదీయడం తప్పు కాదు. గుండె, ఊపిరితిత్తులు కలిసే పనిచేస్తాయి. అయినా వైద్యుడు రక్తపోటును, ఆక్సిజన్‌ను వేర్వేరుగానే చూస్తాడు. రెండింటినీ కూడి సగటు తీయడు. డిఫెండర్ విషయంలో సగటు ఇంకా ప్రమాదకరం. ఆపడంలో 10కి 4, ఆడడంలో 10కి 9 వచ్చినవాడికీ, ఆపడంలో 7, ఆడడంలో 6 వచ్చినవాడికీ మొత్తం 13 మార్కులే. కానీ సొంత గోల్ ముందు మ్యాచ్‌కు రెండుసార్లు దొరికిపోయేవాడి లోటును అందమైన పాసులు పూడ్చలేవు. ముందు వరుసలో తప్పు చేస్తే వెనుక ముగ్గురు నలుగురు ఉంటారు. స్టాపర్ వెనుక కీపర్ ఒక్కడే. అందుకే ఆపడంలో ఒక కనీస హద్దు పెట్టాలి. దాన్ని దాటినవారి మధ్యే బంతి ఆడే నైపుణ్యంతో పోటీ పెట్టాలి. రైల్వే ట్రయల్‌లో 40కి 25 అన్న కనీస హద్దు ఇప్పటికే ఉంది. డిఫెండర్ విషయంలో ఆ హద్దు మొత్తం మీద కాకుండా ఆపే నైపుణ్యం మీద ఉంటే మేలు.

స్థానాన్ని బట్టి తూకం మారాలన్నదీ మరువకూడదు. ఇద్దరు స్టాపర్లలో ఒకడు బంతి ఆడేవాడైతే రెండోవాడు కాపు కాసేవాడు కావచ్చు. సైడ్ బ్యాక్‌కు పరుగు, క్రాస్ ముఖ్యం. ఎక్కువ సమయం బంతి తన దగ్గర ఉంచుకునే జట్టుకూ, వెనక్కి తగ్గి ఎదురుదాడి చేసే జట్టుకూ కావలసిన డిఫెండర్ ఒకడే కాడు. ‘మంచి డిఫెండర్ ఎవరు?’ అన్నది అసంపూర్ణమైన ప్రశ్న. ‘ఏ జట్టుకు, ఏ పనికి?’ అని కలిపితేనే జవాబు వస్తుంది.

తక్కువ ఖర్చుతో చేయగలిగినవి

పెద్ద లీగ్‌లలో స్టేడియం చుట్టూ ఉన్న కెమెరాలు మొత్తం 22 మంది కదలికలను సెకనుకు అనేకసార్లు నమోదు చేస్తాయి. రైల్వే మైదానాలకు అవి రావాలని ఎదురుచూడనక్కర్లేదు. గట్టు మీద ఎత్తుగా పెట్టిన ఒక మొబైల్ ఫోన్, గడులు గీసిన కాగితం, శిక్షణ పొందిన ఇద్దరు పరిశీలకులు చాలు.

మొదటి కాగితం ఆపడానికి. ట్యాకిల్స్ కాక, ఆ డిఫెండర్ కాపు కాసే చోటికి ప్రత్యర్థి బంతితో వచ్చిన ప్రతిసారీ ఏమైందో రాయాలి: ఆలస్యం చేశాడా, గోల్‌కు దూరంగా పక్కకు తోశాడా, వెనక్కి తిప్పి పంపాడా, బంతి గెలిచాడా, దాటిపోనిచ్చాడా? ఎన్నిసార్లు వచ్చారన్నది అడుగున ఉంటుంది కాబట్టి బలమైన జట్టు, బలహీనమైన జట్టు తేడా తగ్గుతుంది. అసలు అతడి వైపు రావడమే ప్రత్యర్థులు మానేస్తే అది కూడా ఒక సమాచారమే.

రెండో కాగితం ఆడడానికి. బంతి అందే ముందు తల తిప్పి చూశాడా? ఒత్తిడిలో అందుకున్నాడా, తీరికగానా? ఇచ్చిన పాస్ తేలికా, కష్టమా? చేరిందా? సొంత గోల్ దగ్గర పోగొట్టుకున్న బంతిని విడిగా, పెద్ద తప్పుగా లెక్కించాలి.

ట్రయల్ అమరిక కూడా ముఖ్యమే. ఒకరికి ఒకరు, ఇద్దరికి ఇద్దరు, ముగ్గురు ఫార్వర్డ్‌లకు ఇద్దరు డిఫెండర్లు, ఆ తర్వాత పూర్తి ఆట. ప్రతి అభ్యర్థి పక్కన ఆడేవారినీ, ఎదుట ఆడేవారినీ మారుస్తూ ఉండాలి. మంచి జోడీ దొరికినవాడికి ఉత్త పుణ్యానికి మార్కులు రాకూడదు, చెడ్డ జోడీ దొరికినవాడు నష్టపోకూడదు. ఒక్క రోజులో ముగించకుండా కనీసం రెండు మూడు రోజులు చూడాలి. పరిశీలకులు విడివిడిగా రాసి, ఆ తర్వాతే పోల్చుకోవాలి. భేదం వచ్చిన చోట వీడియో చూడాలి. ఏ కొలత దేనికో అభ్యర్థులకు ముందే చెప్పాలి.

ఇది అనుభవజ్ఞులైన కోచ్‌ల కన్నును పక్కన పెట్టమని చెప్పడం కాదు. తలకు గాయమైన స్టాపర్‌లో ఫార్వర్డ్‌ను చూసిన రహీం చేతిలో కంప్యూటర్ లేదు. ఆయన దగ్గర ఉన్నది ఆ ఆటగాళ్లతో గడిపిన నెలల కాలం. గంటన్నర ట్రయల్‌లో అభ్యర్థిని మొదటిసారి చూసే పరిశీలకుడికి ఆ నెలల కాలం ఉండదు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చేది క్రమబద్ధమైన కొలత మాత్రమే.

హైదరాబాద్ నుంచి వచ్చి 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకత్వం వహించిన సయ్యద్ నయీముద్దీన్ డిఫెండరే. అలాంటివారు మళ్లీ ఏ రైల్వే పేట నుంచి వస్తారో ముందే చెప్పలేం. ఓల్డ్ సెటిల్‌మెంట్ మైదానంలో ఒక కుర్రాడు ఈ సాయంత్రం బంతిని తాకకుండానే ఒక గోల్ ఆపి ఉండవచ్చు. అతడి తండ్రి వర్క్‌షాపు నుంచి, లోకోషెడ్డు నుంచి రిటైరయ్యే రోజుకు ఆ ఇంట్లో మరో జీతం ఉంటుందా లేదా అన్నది ట్రయల్‌లో 40కి వచ్చే మార్కుల మీద ఆధారపడి ఉండవచ్చు. ఆ మార్కులలో ఆపిన ఆటకు కూడా ఒక గడి ఉండాలని కోరడం అత్యాశ కాదు.